పెనుకొండ తర్వాతి పాటలు

ధర్మవరంలో పొద్దున బయలుదేరే ప్యాసింజరు పెనుకొండకు వచ్చేసరికి ధర్మవరంలోనే ఎక్కిన నా స్నేహితుడు కిటికీ పక్క సీటులో ఉండేవాడు. నేను పెనుకొండలో ఎక్కేవాడిని. నాకోసం పక్క సీటు మీద సంచి పెట్టి ఉంచేవాడు. నేను కూర్చోగానే ఇయర్‌ఫోన్ల జత ఒకటి చేతికిచ్చేవాడు. ఒకే ఫోనుకు రెండు జతలు తగిలించే చిన్న తీగ అతని దగ్గర ఉండేది. ఇద్దరం హిందూపురం దగ్గర ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. అతనిది మెషిన్ల మరమ్మతు, నాది నాణ్యత తనిఖీ. తయారైన భాగాలను కొలిచి, హద్దులో ఉన్నవి ఒక ట్రేలోకి, హద్దు దాటినవి ఇంకో ట్రేలోకి పంపడం నా పని.

రాక్ సంగీతం వినడానికి మేం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. వారానికి ఒక ఆల్బం. సోమవారం నుంచి శనివారం దాకా అదే. బండి కదలగానే మొదటి పాట, మధ్యలో ఆపకూడదు, వెనక్కి తిప్పకూడదు. ఆల్బం చేసినవాళ్లు ఏ వరుసలో పెట్టారో ఆ వరుసలోనే వినాలి. ఈ చివరి నియమం నాదే. అప్పుడు అందరూ తోచిన పాట వినేసి దాటిపోతున్నారని నాకు కోపంగా ఉండేది.

వాదన మాత్రం సాయంత్రం జరిగేది. హిందూపురం స్టేషను దగ్గర మా మూడో స్నేహితుడికి సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. చిన్నప్పటి నుంచి చర్చిలో డ్రమ్స్ వాయించినవాడు. తిరుగు బండి వచ్చేదాకా మేం ఆ అంగడి ముందు బల్ల మీద కూర్చునేవాళ్లం. ధర్మవరం అతనికి పాటలో కావలసింది దెబ్బ. గిటార్లు మీద పడాలి, గొంతు చీలిపోవాలి, విన్నవాడు లేచి నిలబడాలి. నాకు కావలసింది సన్నపని. గొంతు వెనక దాగిన రెండో గొంతు, ఒక వాద్యం తప్పుకుని ఇంకోదానికి చోటివ్వడం, ఆగాల్సిన చోట ఆగడం.

"ఈ వారం ఆల్బంలో ఎంత ఓపిగ్గా కట్టినాడో చూడు," అని నేను మొదలుపెట్టేవాడిని.

"ఓపికా? యాడుంది ఓపిక? ఇంట్లో రేకులు ఎగిరిపోయేట్టు ఉండాదప్పా అది."

"నువ్వు శబ్దం వింటాండావు. నేను పాట వింటాండా."

"ఒకటోది, రెండోది, మూడోది అని లెక్కపెట్టుకుంటూ వినేవానికి పాటేం తెలుస్తాది?"

అంగడి అతను స్క్రూడ్రైవరు ఆపకుండా, "సుమ్నే ఉండండప్పా, గిరాకీ వస్తాండాది," అని కన్నడం కలిపి కసిరేవాడు. అంతలో తిరుగు బండి వచ్చేది. బండిలో జనం కిక్కిరిసి ఉండేవాళ్లు కాబట్టి నిలబడి, కడ్డీ పట్టుకుని, మిగతా వాదన. పెనుకొండలో నేను దిగిపోయేవాడిని. ఏడాది పైగా ఇదే జరిగింది.

ఆ మధ్యలోనే బెంగుళూరులోని ఒక చిన్న హాలువాళ్లు కొత్త బ్యాండ్లకు ఒక సాయంత్రం ఇస్తామని, నాలుగు పాటల రికార్డింగు పంపమని ఫోన్లలో తిరిగే ప్రకటన పెట్టారు. ధర్మవరం అతను పాటలు కట్టేవాడు. తెలుగులోనే, మా మాటలోనే. గిటారు అతనిది, డ్రమ్స్ అంగడి అతనివి, శబ్దాల పాళ్లు సరిచూసేది నేను. అయితే ఆ పాటలు అప్పటిదాకా నేనూ అంగడి అతనూ తప్ప ఎవరూ వినలేదు. ఇంట్లోవాళ్లకు గిటారు గోడకు తగిలించిన వస్తువు, అంతే. తెలియనివాళ్లు, తనమీద ఏ మొగమాటమూ లేనివాళ్లు ఒక్కసారి కూర్చుని తన పాట వినాలని అతని కోరిక. ఎంపికైతే అది జరుగుతుంది. కాకపోతే ఇంకో దారి మాకెవరికీ తెలియదు.

రికార్డింగు చేసిన చోటు హిందూపురం బయట అంగడి అతని మేనమామ పట్టుపురుగుల షెడ్డు. ఒక పంటకూ ఇంకో పంటకూ మధ్య అది ఖాళీగా ఉంటుంది. పురుగులు గూళ్లు కట్టే వెదురు చాపల్లాంటి చంద్రికలను గోడలకు వరసగా ఆనించి నిలబెడితే గదిలో శబ్దం మోగకుండా చక్కగా ఆరిపోతుంది. పురుగులు వచ్చాయంటే మాత్రం చెప్పులు కూడా లోపలికి రానివ్వరు.

అక్కడ నాలుగు పాటలు అయిపోయాయి. నాలుగూ దెబ్బ పాటలే. అతనికి ఐదో పాట ఒకటుంది. వాళ్ల నాయన మగ్గం మీద పని చేస్తుంటే కొయ్యకు కొయ్య తగిలే తాళం దానికి ఆధారం. గిటారు మెల్లగా నడుస్తుంది, డ్రమ్స్ దాదాపు లేవు. ఒకసారి వినిపించాడు. నాకు ఐదింట్లో అదే మేలనిపించింది, చెప్పాను.

"నువ్వు మెచ్చుకుంటాండావంటే విన్నోళ్లందరికీ నిద్ర వస్తాదని అర్థం," అన్నాడు. దాన్ని పక్కన పెట్టాడు. నేను కూడా మిగిలిన నాలుగింట్లో గిటార్లను నాకు నచ్చేటట్టు తగ్గిస్తూ వచ్చాను. అతను వచ్చి పెంచేవాడు. నేను మళ్లీ తగ్గించేవాడిని. పంపాల్సిన గడువు దగ్గరపడింది.

ఆ వారంలోనే ధర్మవరంలో మా పిన్నివాళ్ల గృహప్రవేశం వచ్చింది. బుధవారం రాత్రి అక్కడే ఉండిపోయాను. గురువారం పొద్దున మొదటిసారి ధర్మవరంలోనే బండెక్కాను, అతనితోపాటు.

బండి కదిలింది. పాట మొదలైంది. గిటార్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. గొంతు అరుస్తోంది. రెండో పాట ఇంకా ఎక్కువ. నేను అతని ఫోను అందుకుని తెర మీద చూశాను.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు?"

"ఆల్బం మార్చినావా?"

"సోమవారం నుంచి ఇదే కదబ్బా. నువ్వు మూడు రోజుల నుంచి ఓపిక, ఓపిక అని చంపుతాండేది దీని గురించే కదా."

బండి పెనుకొండ చేరేదాకా అదే హోరు. పెనుకొండ దాటిన కాసేపటికి నాకు తెలిసిన పాట వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. గొంతు వెనక రెండో గొంతు, ఆగాల్సిన చోట ఆగడం. నేను మూడు రోజులుగా పొగిడినవన్నీ ఇక్కడ ఉన్నాయి. అతనికి చూపిద్దామని తిరిగాను. అతను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. రోజూ అట్లాగే ఉండేవాడు. శ్రద్ధగా వింటున్నాడని ఏడాదిగా అనుకున్నాను.

"వింటాండావా?"

పలకలేదు. భుజం పట్టి ఊపాను. ఉలిక్కిపడి లేచి, చెవిలో పాట ఒక్క నిమిషం విని, "ఇదేం ఆల్బం?" అని అడిగాడు.

తెల్లవారుజామునే లేచి వాళ్ల నాయనకు తోడుగా మగ్గం మీద తెగిన పడుగు పోగులు అతికి, ఆ తర్వాత బండి పట్టుకునేవాడు అతను. పెనుకొండలో నాకు సీటు ఇచ్చేశాక చేయాల్సిన పని ఏమీ మిగలదు. నిద్ర పట్టేస్తుంది. హిందూపురంలో నేను భుజం తడితే కళ్లు తెరిచేవాడు, అదీ పాటలు అయిపోయాక. ఆల్బం చేసేవాళ్లలో చాలామంది ఉధృతమైనవి ముందు పెట్టి, నెమ్మదైనవి చివరికి దాచుకుంటారు. అతను విన్నది ఎప్పుడూ ముందు సగం, నేను విన్నది ఎప్పుడూ వెనక సగం. బండి కదలడమంటే అతనికి ధర్మవరంలో, నాకు పెనుకొండలో. ఇంట్లో మళ్లీ విన్నా, ఎవరికి తెలిసిన పాటలు వాళ్లం పెట్టుకునేవాళ్లం. నా నియమం ప్రకారం వెనక్కి తిప్పడం లేదు కాబట్టి బయటపడే వీలు కూడా లేకపోయింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే అంగడి అతను స్క్రూడ్రైవరు కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఏడాది నుంచి ఒకడు అన్నం, ఒకడు పెరుగు తిని, భోజనం ఎట్లుండాదని కొట్లాడుకుంటాండారా? నా గిరాకీ అంతా చెడగొట్టి?"

"నువ్వైనా మొత్తం వింటాండావా?" అని ధర్మవరం అతను అడిగాడు.

"నేను డ్రమ్స్ మాత్రం వింటా. నన్ను దీంట్లోకి లాగద్దండి."

శుక్రవారం పొద్దున నేను పెనుకొండలో ఎక్కేసరికి ధర్మవరం అతను సీటులో లేడు. నిద్ర రాకుండా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. హిందూపురం దాకా అక్కడే నిలబడి విన్నాడు. నేను పక్కనే నిలబడ్డాను.  దిగేటప్పుడు అతను, "ముందు అంత కొట్టినాడు కాబట్టే ఈడ ఊరికే ఉన్నా వినబుద్ధి అయితాది," అన్నాడు. అది నేను ఏడాదిలో చెప్పలేకపోయిన మాట. ఎందుకంటే ఆ మాటలో సగం నాకు తెలియదు.

ఆదివారం షెడ్డు కడిగి బ్లీచింగు చల్లుతారని, ఆ తర్వాత పురుగులు దించుతారని కబురు వచ్చింది. మాకు మిగిలింది శనివారం సాయంత్రం. చంద్రికలు మళ్లీ గోడలకు నిలబెట్టి ఐదో పాట రికార్డు చేశాం. డ్రమ్స్‌కు బదులు అంగడి అతను రెండు వెదురు ముక్కలు మెల్లగా తట్టాడు. "ఇంతకూ నన్ను దేనికి పిల్చినారు?" అని గొణిగాడు గానీ తాళం తప్పలేదు. నేను ఇంటికి వచ్చి గిటార్లు తగ్గించిన చోటల్లా అతను అడిగిన స్థాయికి పెంచేశాను. దెబ్బ పాటల్లో ఒకటి తీసేసి, మిగిలిన మూడూ ముందు పెట్టి, ఈ పాటను చివర పెట్టాం.

హాలువాళ్ల నుంచి జవాబు వచ్చింది. ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు.

ఆ సాయంత్రం హాలులో జనం ఓ మోస్తరుగా ఉన్నారు. చాలామంది మాట్లాడుకుంటూ, తింటూ ఉన్నారు. మొదటి మూడు పాటలకు ముందు వరుసలో కొందరు లేచారు, కొందరు ఫోన్లు ఎత్తారు. నాలుగోది మొదలవగానే మాటలు మళ్లీ వినబడ్డాయి. వెనక ఎవరో గట్టిగా నవ్వారు. కొయ్య తాళం రెండోసారి తిరిగేటప్పటికి నాకు దగ్గరి బల్లవాళ్లు మాటలు ఆపారు. తర్వాత దాని పక్కది. హాలంతా ఆగలేదు. కిటికీ దిక్కున ఒక గుంపు చివరిదాకా మాట్లాడుతూనే ఉంది.

కిందికి వచ్చి గిటారు సంచిలో పెడుతూ అతను నన్ను అడిగింది ఒకటే.

"నాలుగోదానికి ఎవరైనా కండ్లు మూసుకున్నారా?"

"ఒకామె మూసుకుంది. గోడ దగ్గర."

అతను సంచి జిప్పు ఆపి నా వైపు చూశాడు.

"నిద్రా?"

"కాదు. కాలుతో తాళం వేస్తానే ఉండింది."

జిప్పు పూర్తిగా లాగి, సంచి భుజానికి తగిలించుకుని, "అయితే సరే," అన్నాడు.