పసుపు కింద కల్యాణ మండపం

బరంపురంలో పప్పుల హోల్‌సేల్ దుకాణం నడిపే నన్ను ఎవరూ ఆర్టిస్టు అనరు. అందుకే చెల్లెలు సాయిపద్మ పెళ్లికి, దగ్గర చుట్టాల కార్డుల మీద మండపానికి దారి చూపే మ్యాపు నేనే గీస్తానన్నాను.

స్టేషనరీ షాపులో డ్రాయింగు పెన్నులన్నీ గీసి చూశాను.

"లావు పాళీది తీసుకో బాబూ, బాగా అగుపిస్తాది," అన్నాడు షాపతను.

లావు గీతలు బస్తాల మీద మార్కింగుకి, కళకి కాదు! వెంట్రుకంత సన్నటిది ఎంచుకున్నాను. కార్డులకి పసుపు రాస్తారు కదా, ఇంకు చెదరకూడదని గీత మీద నీళ్లు చల్లి మరీ చూశాను. అంత ముందుచూపు నాది.

మ్యాపులు కార్డు మూలల్లో ముద్దుగా ఒదిగాయి. అమ్మ నాలుగు మూలలా పసుపు ముద్ద అద్ది, కవర్లలో పెట్టి పంచేసింది.

పెళ్లిరోజు దిగపహండి పిన్ని బస్టాండు నుంచి ఫోన్ చేసింది. "ఒరే రాఘవా, మ్యాపు ఉండాల్సిన కాడ పసుపుంది. ఏటి సెయ్యమంటావు, గోకీమంటావా?"

గోకమన్నాను. ఇంకు చెక్కుచెదరలేదట. గీతే కళ్లజోడు పెట్టినా ఆనలేదట.

చివరికి పప్పు బస్తా ఒకటి చింపి, మార్కింగు బ్రష్షుతో దాని మీద పెద్ద బాణం వేసి, బస్టాండులో పట్టుకు నిలబడ్డాను. ఆ బాణాన్ని మాత్రం అందరూ మెచ్చుకున్నారు.