ఎత్నా పిన్ని చూసిన చుక్కల ఉల్లంకి

మా కోర్క్ జిల్లా పక్షుల పుస్తకంలో ఫింటన్ బాబాయి పేరు ఒకే ఒక్క చోట ఉండేది. ‘చుక్కల ఉల్లంకి, ఒకటి, మే నెల. చూసినవారు: ఫింటన్ రోష్, ఎత్నా రోష్.’ ముప్పయ్యేళ్ళు పడవలకు తారు పూసిన మనిషి పేరు ఇంకే పుస్తకంలోకి ఎక్కుతుంది? పిన్ని పోయాక ఆ ఒక్క వరుసనే రోజూ చదువుకునేవాడు.

చుక్కల ఉల్లంకి అమెరికా నీటిపిట్ట. దారి తప్పితేనే మా ఊరి కయ్యలో, ఆ సముద్రపు బురద పాయలో, దిగుతుంది. మామూలు ఉల్లంకి మాది. వేసవిలో పొట్టమీది చుక్కలు చూసి ఎవరైనా చెబుతారు. చలికాలం ఆ చుక్కలు పోతాయి, రెండూ కవలల్లా ఉంటాయి. అప్పుడు తోకే గుర్తు: మామూలు దానిది రెక్కల కొసలు దాటి పొడుగ్గా ఉంటుంది, అమెరికా దానిది పొట్టి, కాళ్ళు కూడా పసుపు.

జనవరిలో ఒక పొట్టి తోక పిట్ట దిగింది.

“అదేరా! మీ పిన్ని ఉంటే నాకంటే ముందే అరిచేది.”

“కాళ్ళు అంత పసుపుగా లేవేమో బాబాయ్?”

“బురదరా వెధవా! ముందు నీ కళ్ళద్దాలు కడుక్కో.”

ఆ పుస్తకం వేసే పక్షుల క్లబ్బుకు ఉత్తరం నేనే రాసిపెట్టాను. వాళ్ళ పత్రికలో అచ్చయింది.

మూడో వారం బాబాయి దుర్భిణి దించి, “తోక పెరుగుతోందిరా,” అన్నాడు. అది ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటున్న మామూలు ఉల్లంకి.

“ఊరుకో బాబాయ్. ఒకటి తప్పని ఒప్పుకుంటే నీ పాతదాన్నీ తిరగదోడతారు. మే నెల దానికి సాక్షి పిన్ని ఒక్కతే.”

“తెలుసు. మీ పిన్ని పేరున్న పుస్తకంలో నా అబద్ధం కూడా ఉండమంటావా?”

తప్పు ఒప్పుకుంటూ ఈసారి ఉత్తరం తనే రాశాడు. వారానికి క్లబ్బు కార్యదర్శి ఫోను చేశాడు.

“మీ నిజాయితీ గొప్పది ఫింటన్ గారూ. కానీ రూలు రూలే, ఒకటి తప్పయితే పాతదానికి రెండో సాక్షి మళ్ళీ చెప్పాలి. ఆ మే నెల పిట్టను చూసిన రెండో మనిషి మాట్లాడగలరా?”

“చర్చి వెనక పడుకుంది. వెళ్ళి అడగండి.”

ఆటు వేళ బురదలో ఒక్కసారైనా కాలు పెట్టని వాళ్ళు ఆ వరుస కొట్టేశారు. మార్చిలో కొత్త ముద్రణ వచ్చింది. బాబాయి వేలు పెట్టి వెతికాడు, రెండుసార్లు.

“పిన్ని పేరు సమాధి రాయి మీద ఉందిగా,” అన్నాను.

“రాయి మీద అది పోయిన రోజు ఉందిరా. ఇందులో మేమిద్దరం నవ్వుకున్న రోజు ఉండేది.”

ఆ తర్వాత బాబాయి కయ్యకు రాలేదు. ఆ ఉల్లంకి ఏప్రిల్ దాకా ఉంది. పొడుగు తోక ఊపుకుంటూ రాళ్ళ మీద తిరుగుతుంటే నేనొక్కణ్ణే చూశాను.