డిశ్చార్జి బుక్కు

నిన్న గజపతినగరం జిరాక్సు కొట్టులో ఓ మాజీ సైనికుడు తన ఆర్మీ డిశ్చార్జి బుక్కు తెరవగానే కలరా ఉండల వాసన వచ్చింది.

నా ఏడో ఏట, సైన్యం నుంచి వచ్చేసిన నాన్న కూడా ఇదే వాసన వేసే ట్రంకు పెట్టెలోంచి తన బుక్కు తీశాడు. "ఇది సూపిస్తే సైనికుల పిల్లల కోటాలో పెద్దదానికి నర్సింగు సీటొస్తాది," అన్నాడు అమ్మతో.

అది చూపిస్తే నాన్నని మళ్లీ సరిహద్దుకి పంపేస్తారనుకున్నాను. బియ్యం డబ్బా అడుగున దాచేశాను. దరఖాస్తు గడువు దాటాక గానీ దొరకలేదు.

"ఎందుకే దాసినావు?"

"నువ్వు మళ్లీ ఎల్లిపోతావని!" అని ఏడ్చాను.

నాన్న నన్ను ఎత్తుకుని చాలాసేపు ఓదార్చాడు.

అక్క నర్సు కాలేదు. విజయనగరంలో బట్టల కొట్టులో పనిచేస్తోంది. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆ రోజు అక్కని మాత్రం ఎవరూ ఓదార్చలేదు.