తలుపు తియ్యమన్న సుబ్బు మామయ్య

ఇవాళ మధ్యాహ్నం టీవీలో ఆ పాత కామెడీ సినిమా వచ్చింది. ఒళ్ళు పెరిగినా మనసు పసిపిల్లాడిలా ఉండిపోయిన ఒకాయన కథ. చూస్తుంటే మా అమ్మమ్మ ఇంటి పత్తి గది వాసన వచ్చినట్టయింది.

మీ ఇళ్ళలోనూ ఉండేది కదా, సగం దాకా పత్తి నింపిన గది? మబ్బులోకి దూకినట్టు దూకేవాళ్ళం. మాకంటే ముందు దూకేది అమ్మ తమ్ముడు, సుబ్బు మామయ్య. ముప్పై ఏళ్ళొచ్చినా మా ఈడువాడే. కొత్తవాళ్ళు వస్తే మాత్రం అమ్మమ్మ ఆయన్ని అదే గదిలో పెట్టి గడియ వేసేది.

ఆ రోజుల్లోనే, ఆ సినిమా కొత్తగా వచ్చినప్పుడు నన్నూ మామయ్యనీ అమ్మ గుంటూరు తీసుకెళ్ళింది. మామయ్య పడీపడీ నవ్వాడు. ఇంతలో తెర మీద, చుట్టాలొచ్చారని హీరోని గదిలోకి తోసి తలుపేశారు. హాలంతా నవ్వింది. మామయ్య లేచి నిలబడ్డాడు.

"తలుపు తియ్యండి. లోపల చీకటిగా ఉంటది. అతనికి భయమేస్తది."

"కూర్చోవయ్యా," అని వెనక ఎవరో కసిరారు.

అమ్మ ఆయన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "నీక్కూడా భయమేసేదారా?" అని అడిగింది. మామయ్య తల ఊపాడు. సినిమా అయ్యేదాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

ఆ నెలలోనే పిన్నికి పెళ్ళిచూపులు. అమ్మమ్మ ఎంత వద్దన్నా వినకుండా, అమ్మ మామయ్యకి ఇస్త్రీ చొక్కా తొడిగి, పెళ్ళివారి ముందు తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

"వీడు మా తమ్ముడండి," అంది.

పెళ్ళికొడుకు తండ్రి లడ్డూల పళ్ళెం మామయ్య వైపు జరిపారు. మామయ్య రెండు తీసుకుని, ఒకటి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు.