చిన్నల్లుడి బిళ్ళ

మా అత్తగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె నా భార్య. చిన్నామె భర్త, అంటే నా తోడల్లుడు, వయసులో నాకన్నా ఆరేళ్ళు చిన్న, ఎత్తులో నాలుగంగుళాలు పెద్ద, తలమీద జుట్టు సంగతికొస్తే నాకన్నా ఒక ఎకరం ఎక్కువ. ఈపూరు దగ్గర అత్తగారి పొలం ఇద్దరికీ చెరిసగం వచ్చింది. గట్టుకు ఇటు నా మిరపచేను, అటు అతనిది. ఆ జానెడు గట్టు మీద నిలబడి ఇన్నేళ్ళలో నేను పడ్డ కుళ్ళును బస్తాలకెత్తితే, గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజుకి వేరే సరుకు దిగడానికి చోటుండదు.

అతనికన్నా నేను ముందున్నది ఒక్క బీపీలోనే. నాకొచ్చిన ఆర్నెల్లకు గానీ అతను బిళ్ళ మొదలుపెట్టలేదు. ఆ ఆనందం కూడా నిలవనివ్వకుండా, చేతికి పట్టీ కట్టి బీపీ చూసే మిషన్ ఒకటి కొనుక్కొచ్చి అత్తగారికి బహుమతిచ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం భోజనాలకు ముందు వసారాలో అల్లుళ్ళిద్దరికీ కొలతలు. ఎన్నికల ఫలితం చెప్పినట్టు ఆ అంకెను ఆమె నాలుగు వీధులకు వినపడేలా చదివేది.

"చిన్నబ్బాయికి నూట పద్దెనిమిది. పెద్దబ్బాయికి నూట అరవై రెండు. ఏందబ్బాయ్, బిళ్ళ మింగుతన్నావా, జేబులో ఏసుకొని తిప్పుతన్నావా?"

వడ్డన ఆ అంకెల ప్రకారమే జరిగేది. అతని విస్తట్లో గోంగూర పచ్చడి కొండ, దాని మీంచి నేతి వాగు. నా విస్తట్లో ఉప్పు మొహం చూడని బీరకాయ.

నిజం చెప్పాలంటే ఆమె అనుమానం సబబే. నేను బిళ్ళను రోజూ వేసుకునేవాణ్ణి కాదు. తల బరువెక్కిన రోజు వేసుకునేవాణ్ణి. పురుగు కనపడ్డ రోజే పిచికారీ పంపు భుజానికెత్తుకునే చెయ్యి మరి. బీపీ పెరిగినప్పుడు చాలామందికి ఏమీ తెలియదనీ, ఆ బిళ్ళ రోజూ పడితేనే రక్తనాళాలు బిగుసుకోకుండా ఉంటాయనీ డాక్టరమ్మ చెప్పినప్పుడు నా మనసు తోడల్లుడి చేలో ఉంది.

మా మిరప రైతుల్లో ఒక పద్ధతి ఉంది. పక్కవాడి చేను నిగనిగలాడుతుంటే ఏం కొట్టావని అడగం. అడిగితే నామోషీ. అతను ఇంటికెళ్ళాక గట్టు మీద పారేసిన ఖాళీ డబ్బా ఏరుకొని, షాపులో చూపించి "ఇదే ఇయ్యి" అంటాం. ముప్ఫయ్యేళ్ళు నేను ఈ విద్యతోనే సేద్యం చేశాను. అందుకే ఒక ఆదివారం తోడల్లుడు బిళ్ళ వేసుకొని ఖాళీ షీటు కిటికీలో పడేసి వెళ్ళగానే, నా చెయ్యి నన్నడక్కుండానే దాన్ని జేబులో వేసింది.

నరసరావుపేటలో ఒక మందుల షాపుకెళ్ళాను.

"డాక్టర్ చీటీ ఏది?" అన్నాడు షాపతను.

"షీటు ఉందిగా."

ఇచ్చేశాడు. నా బిళ్ళ రోజూ ఒకటి, అతని బిళ్ళ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పురుగు మొండిదైతే రెండు మందులు కలిపి కొడతాం కదా.

వారం తిరిగేసరికి నాకు నూట రెండు. అత్తగారు మిషన్‌ను రెండుసార్లు తట్టి మళ్ళీ కట్టింది. మళ్ళీ నూట రెండే. "చిన్నబ్బాయ్, మీ అన్నయ్య నిన్ను దాటిపోయాడయ్యా" అంది. గోంగూర కొండ నడిచి నా విస్తట్లోకి వచ్చింది.

తోడల్లుడు నా మొహంలోకి చూశాడు. "అన్నయ్యా, చానా పాలిపోయావు. బాగానే ఉండావా?"

ఆహా, కుళ్ళుకుంటున్నాడు అనుకున్నాను. అంత కమ్మని ముద్ద నా జన్మలో తినలేదు.

భోజనాలయ్యాక ఇద్దరం కల్లానికెళ్ళాం. ఎండుతున్న కాయల్ని తిరగేసి నడుమెత్తానో లేదో, ఆకాశం చాపలాగా చుట్టుకుపోయింది. ఎర్రటి కాయల్లోకి మొహం పెట్టి పడ్డాను. తోడల్లుడే నన్ను రెండు చేతులా ఎత్తి కారులో వేశాడట. ఆ ఎత్తడం కూడా బాగా ఎత్తాడని చూసినవాళ్ళు వారం రోజులు చెప్పుకున్నారు.

ఆస్పత్రిలో నాడి నలభై దగ్గర కొట్టుకుంటోంది. ఏం మందులు వాడుతున్నావంటే నా బిళ్ళ పేరొక్కటే చెప్పాను. నా భార్య జేబు తడిమి రెండు షీట్లూ తీసింది.

"ఈ రెండోది నీకెవరిచ్చారు?" అంది డాక్టరమ్మ.

"మా తమ్ముడు వాడతాడమ్మా. ఆయనకి బాగా పనిచేసింది."

"నీ బిళ్ళ పైపుల్ని వదులు చేస్తది. ఆయన బిళ్ళ మోటారునే నిదానం చేస్తది. నీ మోటారు పుట్టుకతోనే నిదానం. దానికి పూటకొక బ్రేకు తగిలించావు. ఇంకాస్తయితే ఆగిపోయేది. అసలు ఆయనకి ఆ బిళ్ళ ఎందుకిచ్చారో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. మూడో రోజు పొద్దున తోడల్లుడు ఇడ్లీ పట్టుకొచ్చినప్పుడు అడిగాను. అతను లేచి తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నాడు.

"పోయినేడు పెళ్ళని చెప్పి గుంటూరు పోయా చూడు, అది పెళ్ళి కాదు అన్నయ్యా. గుండెపోటు. స్టెంటేశారు. గుండెకు శ్రమ తగ్గడానికి ఆ బిళ్ళ. రక్తం గడ్డకట్టకుండా రెండు, లివర్లో కొవ్వు తయారవకుండా ఒకటి, ఇయన్నీ పడతాయని కడుపులో యాసిడ్‌కి ఒకటి. నీ మరదలికి తప్ప ఎవురికీ తెలవదు. సర్పంచికి నిలబడదామనుకుంటన్నా. గుండె జబ్బోడికి ఓటెవుడేస్తాడు?"

గుండెపోటులోనూ నన్ను దాటేశాడు. ముందు వచ్చిన ఆలోచన అదే, దాచుకోను. ఆ వెనకే ఇంకొకటి తట్టింది. అంత గుండెతోనే కదా నా ఎనభై కిలోల్ని మోసింది.

నా భార్య తలుపు తోసుకొచ్చింది. "ఏందండీ ఇద్దరూ గుసగుసలు?"

ఈ ఒక్క కబురు చాలు. సాయంత్రానికి ఈపూరంతా తెలిసిపోతుంది. ముప్ఫయ్యేళ్ళుగా నేను ఎదురుచూసిన అవకాశం అది.

"ఏముంది, తామర పురుగుకి ఏం కొట్టాలా అని" అన్నాను.

నర్సు వచ్చి నా పాత బిళ్ళ చేతిలో పెట్టింది. తోడల్లుడు దాన్నే చూస్తున్నాడు.

"ఇదొక్కటేనా నీకు, అన్నయ్యా?"

"ఒక్కటే."

"రోజుకా?"

"రోజుకే."

అతని కళ్ళలో ఒక చూపు కదిలింది. గట్టు మీద నిలబడి ముప్ఫయ్యేళ్ళు నేను అతని చేనువైపు చూసిన చూపే, నాకు తెలియకపోవడమేమిటి. బిళ్ళను నాలుక మీద పెట్టుకొని, గ్లాసెడు నీళ్ళు అతని ఎదురుగానే, ఒక్కో గుక్కే, నిదానంగా తాగాను.