చీమ పట్టని డబ్బా

ముక్కు తాతకు ఆ పేరు ముక్కు పెద్దదని రాలేదు. పెద్దదే, అది వేరే సంగతి. పురుగుమందు డ్రమ్ములో కలిపి, వంగి ఒక్కసారి వాసన పీల్చి, ఇంకో మూత పడాలనేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు. స్ప్రేయర్ మూతి మూసుకుపోతే నోట్లో పెట్టుకుని ఊది, ఉమ్మేసి, మళ్లీ చాళ్లలోకి దిగేవాడు. చేతులకు తొడుగులు వేసుకోమంటే, నేనేమైనా ఆపరేషన్ చేస్తున్నానా అని నవ్వేవాడు.

ఖాళీ అయిన మందు డబ్బాలు పారేయడానికి ఆయనకు మనసొప్పేది కాదు. బూడిదతో మూడుసార్లు తోమి, ఎండబెట్టి, అమ్మమ్మకు ఇచ్చేవాడు. పెళ్లయ్యాక ఆవిడకు ఆయనిచ్చిన కానుకలు దాదాపు అవే. అమ్మమ్మ వాటిలో ఉప్పు, పిండి, చక్కెర పోసుకునేది. ఒకరోజు చక్కెర డబ్బాకు మూత పెట్టడం మరిచిపోయింది. గోడ వెంట వచ్చిన చీమల బారు జానెడు దూరంలో ఆగి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. తాత ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించాడు. తన డబ్బా అంటే చీమలకు కూడా మర్యాదేనని మీసం దువ్వాడు.

ఏళ్లు గడిచాయి. ముందు తాత ముక్కు మొద్దుబారింది. మాడిన కూర తిని, వంట అమోఘం అనేవాడు. తర్వాత అమ్మమ్మ చేతులు వణకడం మొదలైంది. గ్లాసులో నీళ్లు పెదవి దాకా వచ్చేసరికి సగమయ్యేవి.

ఈమధ్య ఆ మందు అమ్మకం ఆపేశారు. పాత డబ్బాలు ఏరుకోవడానికి వ్యవసాయ ఆఫీసు అమ్మాయి ఇంటింటికీ వచ్చింది. ఎంత తోమినా మందు డబ్బా అతుకుల్లో మిగిలిపోతుందని, అది నరాల మీద పనిచేస్తుందని వాకిట్లో తాతకు చెప్పింది. వంటింట్లో పిండి జల్లెడ పడుతున్న అమ్మమ్మ చేతుల వైపు తాత చూశాడు. అందువల్లేనా అని అడిగాడు.

"ఖాయంగా చెప్పలేం తాతా. కాదనీ చెప్పలేం."

తాత డబ్బాలన్నీ తెచ్చి అప్పగించాడు. చక్కెర డబ్బా దగ్గరే ఆగిపోయాడు. అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"ఇది మాత్రం ఇవ్వను. చీమ పట్టని డబ్బా మళ్లీ ఎక్కడ దొరుకుతుందండీ?"

తాత ఆవిడ ముందు కూర్చుని, డబ్బా మీద చెయ్యి వేశాడు.

"చీమలకు తెలిసిందే. నాకే తెలియలేదు."

అమ్మమ్మ తన చేతుల్ని చూసుకుంది. మూత తీయబోయింది, పట్టు చిక్కలేదు. తాతే తీశాడు. చక్కెర పెరట్లో బండ మీద కుమ్మరించి, ఖాళీ డబ్బా ఇచ్చేశాడు.

ఆ పూటంతా తాత ఆ బండ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఒక్క చీమ వచ్చినా చాలు, ఇదంతా అబద్ధమైపోతుందని ఆయన ఆశ. ఎండ గోడ దిగింది. అమ్మమ్మ గడపలోకి వచ్చింది.

"వచ్చాయా?"

"ఇంకా లేదే."

"వస్తాయిలెండి," అంటూ అమ్మమ్మ ఆయన పక్కన కూర్చుంది.