పాణం కింద క్రావడి

కరోనా వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడు, వానాకాలంలో, నన్ను నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న ఒక చిన్న దవాఖానలో ముసలి ఆడవాళ్ల వార్డుకు వేశారు. ఉద్యోగం వార్డు ఆయా. సిస్టర్ కింద పక్కబట్టలు, బెడ్‌పాన్లు, నడక నేర్పే ఫిజియో సారు వస్తే పేషెంట్లను పట్టుకుని నిలబెట్టడం. అక్కడ గురువారం పని ఒకటి కొత్తగా తోడైంది.

అబిడ్స్ నుంచి వసుంధర మేడమ్ వచ్చేవారు. వార్డులోని వాళ్లంతా ఒకే పెద్ద కాగితం మీద బొమ్మలు వేసి, తలా ఒక మాట చెప్పి, కలిపి ఒక కవిత కట్టడం ఆవిడ పద్ధతి. వేళ్లు ముడవలేని వాళ్ల కోసం నేను స్కెచ్‌పెన్నుకు కట్టుగుడ్డ చుట్టి లావు చేసేదాన్ని. చెప్పింది చెప్పినట్టే రాయాలి. రాసింది చదివి వినిపించాలి. ఆ తర్వాతే పక్క మంచానికి వెళ్లాలి. మా పల్లెల మాట ఆవిడకు సరిగా అందదని రాసే పని నాకిచ్చారు. నేను అక్షరాలు నేర్చింది నలభై ఆరో ఏట. రాయగలను గానీ పైకి చదవాలంటే కూడబలుక్కోవాలి. నలుగురిలో సిగ్గు.

నాలుగో మంచం సత్తెమ్మ. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి బిల్డింగు పనుల్లో ఇటుకలు మోసిన మనిషి. తుంటి ఆపరేషన్ అయింది. శనివారంలోపు వాకర్‌తో తలుపు దాకా నడిస్తే ఇంటికి పంపుతారు, లేకపోతే ఊరి బయట ఇంకో దవాఖానకు మారుస్తారు. రైలు కూసినప్పుడల్లా లేచి కూర్చునేది. తన వంతు రాగానే "ఇగ పాణం నిలుస్తలేదు" అంది. మా వైపు మాటలో, మనసు కుదురుగా లేదని.

రాత్రిబడిలో నేను పాణం అని రాస్తే సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి ప కింద క్రావడి, అంటే ర ఒత్తు, పెట్టించేవారు. అదే మర్యాద అనుకున్నాను. "సత్తెమ్మ: ఇక ప్రాణం నిలవడం లేదు" అని గుండ్రంగా రాసి, చదివి వినిపించకుండానే ఐదో మంచానికి వెళ్లిపోయాను.

మర్నాడు కాగితాన్ని తలుపు పక్క గోడకు అంటించారు. ఐదో మంచం రమణమ్మగారు టైపిస్టుగా రిటైరైన కోస్తా ఆవిడ. కంటబడిన రాతనల్లా పైకి చదివే అలవాటు. ఇదీ చదివారు.

సత్తెమ్మ వాకర్‌ను తోసేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఫిజియో సారు వచ్చినా లేవలేదు.

"నడిచి ఏం జేస్త సారూ? నేను బతకనని దవాఖానోళ్లే రాసి అంటిచ్చిన్రు గద."

మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. సంగతి తెలిసింది నాకొక్కదానికే. చెబితే రాసే పని పోతుంది. మార్చిన పక్కబట్టలే మళ్లీ మార్చాను. ఊడ్చిన చోటే ఊడ్చాను. చివరికి ఆమె మంచం దగ్గర నిలబడి, వార్డంతా వినేలా చెప్పాను.

"అవ్వా, గా మాట డాక్టర్లు రాసింది గాదు. నువ్వు పాణం అన్నవ్. నేనే నా సదువు చూపెట్టుకుందామని ప్రాణం జేసిన."

సత్తెమ్మ ఇటు తిరిగింది. "నన్ను సంపి సదువు నేర్చినవా పోరీ?"

"ప్రాణమే సరైన మాటండీ" అన్నారు రమణమ్మగారు.

"నీ ప్రాణం నువ్వు వెట్టుకో అమ్మా. నా పాణం నాకియ్యి."

కాగితం ఊడదీసి తెస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"వద్దు. మళ్ల అందుల ఏం గలుపుతవో. నేనే వస్త."

వాకర్ పట్టుకుని, నన్ను తిట్టుకుంటూ, రెండుచోట్ల ఆగి, తలుపు దాకా నడిచింది. వేలు పెట్టి క్రావడి చూపించాను. నల్ల స్కెచ్‌పెన్నుతో దాన్ని మొత్తం పూసేసి, కింద రెండు చక్రాలు గీసింది. అది రైలుపెట్టె అయింది.

"ఇప్పుడు సదువు."

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చివర్లో ఆపింది. "నిలుస్తలేదు అన్న. గా తోక గూడ నీదే." అదీ కొట్టేసి, ఆమె మాట పైన రాశాను.

శనివారం ఆమె ఇంటికి వెళ్లింది. సంగతి తెలిసినా మేడమ్ ఆ రాసే పనిని నా దగ్గరే ఉంచారు. రిటైరయ్యేదాకా, చదివి వినిపించనిదే ఏ మాటా పూర్తయిందనుకోలేదు. నేను నిదానంగా చదవడమే ఆ పనికి సరిపోయింది. ఎక్కడ తప్పినా చెప్పినవాళ్లకు నన్ను ఆపే వ్యవధి ఉండేది.